భూపాలపల్లిలో గ్లేసియర్

టైటిల్ చూసి నవ్వుకున్నారా? పర్లేదు, నవ్వుకోండి. మే నెలలో భూపాలపల్లి బస్టాండులో పది నిమిషాలు నిలబడ్డవాళ్ళెవరైనా నవ్వుతారు. మా ఆవిడ కూడా నవ్వింది. కానీ ఇందులో అబద్ధం లేదు, ఎలాగో చెప్తాను. దానికి ముందు మన వెకేషన్ల గురించి నాకున్న ఒక గొడవ చెప్పుకోవాలి.

మా పెళ్ళయి పన్నెండేళ్ళు. ఆమెది జనగామ, నాది భూపాలపల్లి. మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, ఇద్దరికీ చుట్టాలున్నారు. అసలు ఈ సంబంధం కుదిర్చింది వాళ్ళే. ప్రస్తుతం ఉండేది సియాటిల్‌లో. ఈ పన్నెండేళ్ళలో మేమిద్దరం కలిసి చూసిన కొండలూ, సరస్సులూ, జలపాతాలూ రాస్తే ఒక ఎక్సెల్ షీటు నిండుతుంది. అందులో మా మూడు జిల్లాలవి ఎన్ని అంటే, మొన్నమొన్నటి దాకా సున్నా.

ఎందుకంటే ఇండియా ట్రిప్ అంటే వెకేషన్ కాదు, అది ఒక రిలీజ్ ప్లాన్. మూడు వారాల్లో ఒక పెళ్ళి, ఒక గృహప్రవేశం, పళ్ళ డాక్టరు, బ్యాంకులో కేవైసీ, వాళ్ళింట్లో వారం, మా ఇంట్లో వారం. నేను ఒక ఊళ్ళో, ఆమె ఇంకో ఊళ్ళో. "మేమిద్దరం రెండు రోజులు అలా తిరిగొస్తాం" అంటే, "ఎటు పోతరు? ఏం పనుంది?" అని అడుగుతారు. పని లేకుండా మొగుడూ పెళ్ళాం కలిసి బయటికెళ్తే మన ఊళ్ళో అది ఇంకా వార్తే. అదే అమెరికాలో పది గంటలు కారు నడిపి ఒక చెరువు పక్కన ఊరికే కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. అందుకే మన సీనరీలన్నీ అక్కడే పోగుపడ్డాయి.

రెండేళ్ళ కిందట ఆగస్టులో కెనడా రాకీస్‌కి వెళ్ళాం. సియాటిల్ తెలుగువాళ్ళకి ఇది దాదాపు తిరుపతి యాత్ర లాంటిది, ఎవరైనా ఒకసారి పోయి రావాల్సిందే :) లేక్ లూయిస్, మొరైన్ లేక్, అక్కణ్ణుంచి జాస్పర్ దాకా 230 కిలోమీటర్ల ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే. ఆ సరస్సుల నీళ్ళ రంగు ఫోటోలో చూసి ఫోటోషాప్ అనుకునేవాణ్ణి. కాదు. గ్లేసియర్ కిందికి జారుతూ రాళ్ళను రాచి పిండి చేస్తుంది. ఆ రాతిపిండి నీళ్ళలో తేలుతూ వెలుతురును వెదజల్లితే ఆ నీలిఆకుపచ్చ వస్తుంది. అంటే మనం రంగు అనుకునేది కొన్ని వేల ఏళ్ళ తిరగలి పని.

తర్వాత అథబాస్కా గ్లేసియర్. రోడ్డు పక్కనే ఉంటుంది కాబట్టి అందరూ ఆగుతారు. పెద్ద పెద్ద చక్రాల బస్సులో మంచు మీదికి తీసుకెళ్తారు. ఆ బస్సు కంటే నన్ను ఆపేసింది దారి పక్కన పాతిన బోర్డులు. ఫలానా సంవత్సరంలో మంచు ఇక్కడి వరకు ఉండేది అని. గత నూట పాతికేళ్ళలో ఆ గ్లేసియర్ కిలోమీటరున్నర పైనే వెనక్కి పోయింది. మనం బోర్డు దాటి, రాళ్ళ మీద నడిచి, ఇంకో బోర్డు దాటి, ఇంకా నడిస్తే గానీ మంచు రాదు.

1992 అన్న బోర్డు దగ్గర మా ఆవిడ ఫోటో తీస్తానంది. నిలబడ్డాను. నిలబడ్డాక తట్టింది, మా బాపు భూపాలపల్లి గనిలో దిగడం మొదలుపెట్టింది ఆ చుట్టుపక్కలే. అప్పుడు నాకు ఏడేళ్ళు. అంటే బాపు బొగ్గు తవ్వడం మొదలుపెట్టిన నాటికి మంచు నేను నిలబడ్డ చోటే ఉంది. ఆయన రిటైరయి, కొడుకు అమెరికా వచ్చి, కెనడా చూడ్డానికి వచ్చేసరికి అది వెనక్కి పోయింది. ఆ ఫోటోలో నేను నవ్వడం లేదు. చలికి అనుకుంది మా ఆవిడ.

బాపు తవ్విన బొగ్గు వల్లే ఆ గ్లేసియర్ కరిగిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. అంత పిచ్చి లెక్క వెయ్యను. ఒక మనిషికి ఏడాదికి అమెరికాలో సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్క, ఇండియాలో సుమారు 2 టన్నులు. మేమిద్దరం ఒకసారి సియాటిల్ నుంచి హైదరాబాదు వచ్చిపోతే, మనిషికి రెండు టన్నులకు తక్కువ కాదు. అంటే అత్తగారింటికి ఒక ట్రిప్పు, ఊళ్ళో ఒక మనిషి ఏడాదంతా బతికినంత. ఇంక ఎవర్ని తప్పుపడతాం? పైగా నా ఇంజనీరింగ్ ఫీజు కట్టింది బొగ్గే. నా మొదటి కంప్యూటర్ నడిచిన కరెంటూ బొగ్గుదే. బొగ్గును తిట్టే హక్కు నాకు అందరికంటే తక్కువ.

అయినా ఆ బోర్డు మనసులో ఉండిపోయింది. ఇంటికొచ్చాక ఊరికే మా భూపాలపల్లి బొగ్గు కథ చదవడం మొదలుపెట్టాను. అక్కడ దొరికింది అసలు విషయం.

సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట మన దేశం ఇప్పుడున్న చోట లేదు. ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాలతో అతుక్కుని దక్షిణ ధృవం వైపు ఉండేది. ఆ పెద్ద ఖండం పేరు గోండ్వానా. పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? మన గోండుల నుంచే. వాళ్ళ సీమలో దొరికిన రాళ్ళకి పెట్టిన పేరు చివరికి ఖండానికే పెట్టారు. అప్పుడు ఈ నేల మీద మంచు పలకలు ఉండేవి. అవి లాక్కొచ్చి వదిలేసిన గుండ్లూ, మట్టీ కలిసి గట్టిపడిన పొరను ఒడిశాలోని తాల్చేరు పేరు మీద తాల్చిర్ పొర అంటారు. అది మంచు తెచ్చిపోసిందే అని 1856లోనే బ్లాన్‌ఫర్డ్ సోదరులు గుర్తించారు. గోదావరి లోయలో మన బొగ్గు పొరల అడుగున ఉన్నదీ అదే. మనకి దగ్గర్లోనే, చంద్రపూర్ దగ్గర ఇరాయి అనే చోట, మంచు ఒరుసుకుపోయిన గీతలున్న రాతి పలక కూడా దొరికింది.

ఆ మంచు కరిగింది. నేల వెచ్చబడింది. చిత్తడి అడవులు పెరిగాయి. ఆ అడవులు మునిగి, పూడి, నలిగి బొగ్గయ్యాయి. అంటే మంచు పోతేనే బొగ్గు వచ్చింది. ఇప్పుడు ఆ బొగ్గు కాలుస్తుంటే మిగిలిన మంచు పోతోంది. మొదటిది కోట్ల ఏళ్ళ పని, రెండోది ఒక తండ్రీ కొడుకుల జీవితాల్లోనే బోర్డులు పాతి కొలవగలిగేంత వేగం. నా గొడవ ఆ వేగంతోనే.

ఇది మా ఆవిడకి చెప్తే అప్పుడే నవ్వింది. నవ్వి, "సరే, అయితే ఈసారి మన గ్లేసియర్ చూసొద్దాం" అంది. అలా పోయిన డిసెంబరు ట్రిప్పులో మూడు రోజులు మా ఇద్దరి కోసం బ్లాక్ చేశాం. క్యాలెండర్లో "డు నాట్ షెడ్యూల్" అని పెట్టాను. ఇంట్లో వాళ్ళకి మాత్రం ఏదో గుడికి మొక్కు అని చెప్పాం, అది కూడా పూర్తి అబద్ధం కాదు.

మొదటి రోజు జనగామ వైపు. కొండలంటే మనకి మంచు టోపీ ఉండాలి, లేకపోతే పచ్చదనమైనా ఉండాలి. జనగామ గుట్టలకి రెండూ లేవు. బోడి గ్రానైటు గుండ్లు ఒకదాని మీద ఒకటి. కానీ రాకీస్ పైకి లేచింది ఎనిమిది నుంచి ఐదున్నర కోట్ల ఏళ్ళ కింద. మన దక్కను గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ప్యాకేజీ తక్కువైనా సీనియారిటీ మనదే :) పెంబర్తిలో ఇత్తడి పని చూసి, పాలకుర్తి గుట్టెక్కాం. గుట్ట రాళ్ళ మధ్యనే సోమేశ్వరుడి గుడి. పాల్కురికి సోమనాథుడి ఊరు అది, అక్కడికి దగ్గరే పోతన బమ్మెర. 1940ల్లో చాకలి ఐలమ్మ తన చేను కోసం నిలబడిందీ ఈ పాలకుర్తిలోనే. మా ఆవిడ బడిలో ఉన్నప్పుడు అక్కడికి ఎక్స్‌కర్షన్‌కి వచ్చిందట. "అప్పుడు పులిహోర తప్ప ఏమీ గుర్తులేదు" అంది. గుట్ట మీద గంటసేపు కూర్చున్నాం. పన్నెండేళ్ళలో ఆమె తన ఊరి గురించి నాకు అంతసేపు చెప్పడం అదే మొదటిసారి. ఇంట్లో ఉంటే చుట్టూ పదిమంది ఉంటారు కదా, ఎప్పుడు చెప్తుంది?

రెండో రోజు మానుకోట. ఇల్లందు వెళ్ళే దారిలో బయ్యారం చెరువు. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించింది, అక్కడి శాసనం వల్లే కాకతీయుల పూర్వీకుల పేర్లు చాలా మనకి తెలిశాయి. ఈ చెరువు కట్ట మీద నాకు ఒక సంగతి బోధపడింది. మొరైన్ లేక్‌ని ఎవరూ కట్టలేదు, అది దానంతట అది వచ్చింది. మన దగ్గర పేరున్న పాత నీళ్ళన్నీ ఎవరో ఒకరు కట్టినవే. కట్ట ఎత్తు ఎంత, తూము ఎక్కడ, మత్తడి ఎటు దూకాలి, ఆ దూకిన నీళ్ళు కింది చెరువుకి ఎలా పోవాలి, ఇదంతా ఎనిమిది వందల ఏళ్ళ కింద ఒకరు ఆలోచించి చేసిన డిజైన్. ఒక చెరువు నిండితే పొంగింది తర్వాతి చెరువులోకి. మనం లోడ్ బ్యాలెన్సింగ్ అని గొప్పగా చెప్పుకునేదాన్ని వాళ్ళు మట్టితో చేశారు.

సాయంత్రం గూడూరు వైపు భీముని పాదం జలపాతం చూసి (డిసెంబరు కదా, ధార సన్నగా ఉంది), నర్సంపేట దారిలో పాకాల చెరువు కట్ట మీద పొద్దుగూకింది. పాకాల ఇప్పుడు వరంగల్ జిల్లాలోకి వస్తుంది, కానీ మానుకోట నుంచి భూపాలపల్లి పోయేవాడు అక్కడ ఆగకపోతే పాపం. చుట్టూ అడవి, గుట్టల మధ్య నీళ్ళు, మాతో పాటు కట్ట మీద నలుగురంటే నలుగురు మనుషులు. లేక్ లూయిస్‌లో పార్కింగు దొరకదని పొద్దున నాలుగింటికి లేచిన సంగతి గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

మూడో రోజు భూపాలపల్లి జిల్లా. రేగొండ మండలంలో పాండవుల గుట్ట. ఇసుకరాతి కొండలు నిలువునా గోడల్లా లేచి ఉంటాయి. ఆ గుహల్లో ఆదిమానవుల బొమ్మలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అక్కణ్ణుంచి ఘనపురం. కోటగుళ్ళు అంటారు, కాకతీయుల నాటి గుళ్ళ సమూహం. పక్కనే గణపసముద్రం చెరువు. రామప్పకి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం అటే పోతున్నారు, ఇటు తిరిగేవాళ్ళు తక్కువ. (రామప్ప మా జిల్లాలోనే ఉండేది. 2019లో ములుగు విడిపోయి వాళ్ళకి పోయింది. ఆ బాధ ఇంకా ఉంది.) అదే మండలంలో చెల్పూరు కాకతీయ థర్మల్ స్టేషన్. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు. పూర్తి సామర్థ్యంతో గంటసేపు నడిస్తే 11 లక్షల యూనిట్ల కరెంటు, దాంతోపాటు దాదాపు వెయ్యి టన్నుల కార్బన్ డయాక్సైడ్. ఒకే మండలంలో చెరువు, గుడి, బొగ్గు, చిమ్నీ. రాకీస్‌లో 230 కిలోమీటర్లు తిరిగి అర్థం చేసుకున్నది ఇక్కడ పది కిలోమీటర్లలో అర్థమవుతుంది.

ఆ సాయంత్రం బాపుని కూడా చెరువు కట్ట మీదికి తీసుకొచ్చాం. మోకాళ్ళ నొప్పితో మెల్లగా నడిచాడు. "గుట్టలు చూసుడేంది బిడ్డా, గుట్టల కిందికెళ్ళి వచ్చినోణ్ణి నేను" అన్నాడు మా ఆవిడతో. నేను నా గ్లేసియర్ పాఠం మొదలుపెట్టాను. కాసేపు విన్నాడు. "కింద ఉక్కపోతకు పానం పోయేది, మంచంటవేందిరా" అన్నాడు. తర్వాత కాసేపు ఊరుకుని, "ఆకులు మాత్రం చూసిన" అన్నాడు. బొగ్గు తీసేశాక పైకప్పు రాతిలో పొడుగాటి ఆకుల ముద్రలు కనపడేవట. ఈనెలు కూడా తెలిసేవట. టోపీ లైటు వేసి చూసేవాళ్ళట. ఆ ఆకులు గ్లోసోప్టెరిస్ అనే చెట్లవై ఉండాలి, గోండ్వానా ఖండాలన్నిటా దొరికేవి, ఈ ఖండాలన్నీ ఒకప్పుడు ఒకటే అనడానికి సాక్ష్యాల్లో ఒకటి. నేను సియాటిల్‌లో కూర్చుని పుస్తకాల్లో వెతికింది బాపు తల పైకెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ చెప్పలేదు.

ఇదీ నా గొడవ. మనం సీనరీ చూడ్డానికి అంత దూరం వెళ్తాం, బోర్డు చదువుతాం, రేంజర్ చెప్పింది శ్రద్ధగా వింటాం, తాడు దాటొద్దంటే దాటం. అదే మనిషి పాండవుల గుట్ట దగ్గర బిర్యానీ ప్లేటు అక్కడే వదిలేసి వస్తాడు. వేల ఏళ్ళ బొమ్మ పక్కన చాక్‌పీసుతో ఇద్దరి పేర్లు, మధ్యలో ఒక హార్టు. చదువు లేకనా? కాదు. ఇది కూడా చూడాల్సిన చోటే అని మనకి ఎవరూ చెప్పలేదు, మనమూ అనుకోలేదు.

"పోయేలోపు చూసొద్దాం" అని గ్లేసియర్లకి పరిగెత్తడం ఇప్పుడు ఒక ఫ్యాషన్. 2025ని ఐక్యరాజ్యసమితి గ్లేసియర్ల పరిరక్షణ సంవత్సరంగా జరిపింది కూడా. మంచిదే. కానీ అథబాస్కాని నేనొక్కణ్ణి ఆపలేను, చూసి రాగలను అంతే. చెరువు సంగతి అలా కాదు. దాన్ని మనిషి కట్టాడు, మనిషి పూడుస్తున్నాడు, మనిషి బాగుచేసుకోగలడు కూడా. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేల పైచిలుకు చెరువులు లెక్కకి వచ్చాయి. వాటి శిఖం భూములు కాపాడుకుంటామా, ప్లాట్లు చేస్తామా అన్నది మన చేతిలో ఉంది. మన చేతిలో అంటే మాటవరసకి కాదు. ఊళ్ళో ప్లాటు కొనేది ఎక్కువ మనమే కదా? ఆ లేఔటు కింద ఏ కాలువ ఉండేదో అడిగి కొంటున్నామా?

ఇదేదో పాత జ్ఞాపకాల బెంగ కాదు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు మా భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మొత్తం మునిగి, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర వరద రైలు పట్టాల కింది కంకరని ఊడ్చేసింది. ఏ ఒక్క వాననీ ఫలానా పొగ వల్లే అని చెప్పలేం. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అది పడేటప్పుడు ఒకేసారి పడుతుంది. అక్కడ మంచు పోవడం, ఇక్కడ వాగు ఊరి మీద పడడం వేర్వేరు వార్తలు కావు. ఆ నీళ్ళు ఎటు పోవాలో ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఆలోచించి పెట్టారు. మనం ఆ దారుల్ని మూసుకుంటున్నాం.

అయితే మా ఆవిడ అభిప్రాయం కూడా చెప్పకపోతే అన్యాయం. ఇదంతా చదివి, "ప్రతి వెకేషన్నీ ప్రాజెక్టు చెయ్యకు. గుట్ట బాగుంది, చెరువు బాగుంది, మనిద్దరం మాట్లాడుకున్నాం, అది చాలదా?" అంది. ఇంకో మాట కూడా అంది. "నీ బోర్డులు తర్వాత, ముందు శుభ్రమైన టాయిలెట్లు పెట్టమను. ఆడవాళ్ళు పొద్దంతా నీళ్ళు తాగకుండా సీనరీ చూడలేరు." రెండూ నిజమే. మూడు రోజులూ ఆమె పెట్రోలు బంకుల లెక్కతోనే నీళ్ళు తాగింది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

రాకీస్ వెళ్ళొద్దని నేను చెప్పను. మళ్ళీ మేమే వెళ్తామేమో. అడిగేది ఒకటే. వచ్చేసారి ఇండియా ట్రిప్పులో మూడు రోజులు మీ ఇద్దరికి అట్టిపెట్టుకోండి. మీది జనగామ కాకపోతే పుంగనూరో, పార్వతీపురమో, ఏదైతే అది. జలపాతాలైతే ఆగస్టు, సెప్టెంబరు. గుట్టలెక్కాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. తడి రాళ్ళ మీద సెల్ఫీలు వద్దు. మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారు, మత్తడి నీళ్ళు ఎటు పోతాయి అని ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. నాకు తెలుసు, వాళ్ళు ముందు "అదేం ప్రశ్నరా" అంటారు. కాసేపు ఆగండి.

మేం తిరిగొచ్చిన వారానికి బాపు ఫోన్ చేశాడు. మామూలుగా అయితే తిన్నావా, పిల్లలెట్లున్నరు అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. ఈసారి ఆయనతో పాటు గనిలో పనిచేసిన ఒకాయన ఇంట్లో ఆకు ముద్ర ఉన్న రాయి ఒకటి ఉందని, ఎన్నో ఏళ్ళుగా కిటికీ దగ్గర పెట్టుకున్నాడని చెప్పాడు. వచ్చేసారి వచ్చినప్పుడు చూపిస్తాడట. క్యాలెండర్లో ఒక పూట ఇప్పుడే బ్లాక్ చేశాను.